ఆపగలిగే చెయ్యి ఎవరిది? కృత్రిమ మేధ ముప్పుపై ఒక సమీక్ష

కృత్రిమ మేధ వల్ల మనిషి మనుగడకే ముప్పు ఉందా? కొన్నేళ్ల కిందటి దాకా ఇది శాస్త్రవేత్తల గోష్ఠుల్లోనూ సినిమాల్లోనూ వినపడే ప్రశ్న. ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడులోనూ అడుగుతున్నారు. ఊరి పక్కనే తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ నడుస్తోంది. అక్కడా, నూజివీడు ట్రిపుల్ ఐటీలోనూ, భీమవరం ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ కంప్యూటర్లు చదివే పిల్లలు గోదావరి డెల్టాలో ఏ వీధిలో చూసినా ఉన్నారు. కోడు రాయడం యంత్రానికే వచ్చేస్తే మా పిల్లల చదువులేం కావాలని తల్లిదండ్రుల బెంగ. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు, దరఖాస్తులు ఫోనులోకి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖలో ఏఐ డేటా సెంటర్ నిర్మిస్తామని గూగుల్ ప్రకటించింది. ఎక్కడో దూరాన సాగుతున్న చర్చలే అని వదిలేసే వీలు ఇక లేదు.

ఈ విషయంలో రెండు వర్గాలు గట్టిగా మాట్లాడుతున్నాయి. కొంపలు మునుగుతున్నాయని ఒకరంటే, ఇదంతా వట్టి హడావుడి అని ఇంకొకరు కొట్టిపారేస్తున్నారు. ఇద్దరి వాదనల్లో నిలిచేదెంత, తేలిపోయేదెంత అని చూడటమే ఈ వ్యాసం పని. చూశాక నాకు తోచింది ముందే చెబుతాను. ముప్పు నిజమే. యంత్రానికి మనిషి మీద పగ పుట్టనక్కర్లేదు. ప్రశ్నించడానికి, వెనక్కి తిప్పడానికి, ఆపడానికి వీల్లేకుండా నిర్ణయాన్ని దాని చేతిలో పెడితే చాలు, ముప్పు వచ్చినట్టే. రేషన్ కార్డు పోగొట్టుకున్న పేదరాలి కష్టానికీ, మానవజాతి భవిష్యత్తు గురించి నోబెల్ శాస్త్రవేత్త పడే కలవరానికీ మూలం ఒక్కటే.

పాత హెచ్చరికలు

1950లో కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుడైన ఆలన్ ట్యూరింగ్ యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్నతో తన ప్రసిద్ధ వ్యాసం రాశాడు. మరుసటి ఏడాదే ఒక ప్రసంగంలో, యంత్రాలు మనల్ని మించిపోయి పగ్గాలు అందుకునే రోజు రావచ్చన్నాడు. 1960లో గణితజ్ఞుడు నార్బర్ట్ వీనర్ ఇంకాస్త సూటిగా చెప్పాడు. ఒకసారి మొదలయ్యాక మధ్యలో మనం చెయ్యి పెట్టలేని యంత్రానికి పని అప్పగిస్తే, మనం దానికి చెప్పిన లక్ష్యం, మనకు నిజంగా కావలసిన లక్ష్యం ఒకటేనా కాదా అని ముందే గట్టిగా చూసుకోవాలన్నది ఆయన మాట సారాంశం. 1965లో ఐ.జె. గుడ్ అనే గణిత శాస్త్రవేత్త మరో సంగతి లేవనెత్తాడు. మనిషికన్నా తెలివైన యంత్రం తనకన్నా తెలివైన యంత్రాన్ని తయారుచేయగలదు, అది ఇంకోదాన్ని చేయగలదు, అలా తెలివి ఒక్కసారిగా ఎగబాకిపోతుందన్నాడు.

ఈ చరిత్రలో తెలుగువాడి వాటా పెద్దది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి, స్టాన్‌ఫర్డ్‌లో ఏఐ తొలితరం శాస్త్రవేత్త జాన్ మెకార్తీ శిష్యుడిగా 1966లో డాక్టరేట్ పొందారు. యంత్రం చేత మనిషి మాటను పట్టించే పరిశోధనకు పునాదులు వేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. నూజివీడు ట్రిపుల్ ఐటీ ఏ విశ్వవిద్యాలయం కింద మొదలైందో దానికి తొలి కులపతి ఆయనే. చదువురాని వాళ్లకు కూడా గొంతుతో పలికించి సాయం చేసే యంత్రం కావాలన్నది ఆయన జీవితకాలపు ఆశ. ఆ ఆశ, ట్యూరింగ్ భయం ఒకే విద్య కడుపున పుట్టాయి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే లెక్క తేలదు.

మిల్లులో యంత్రం చేసే పని

లోతుకు వెళ్లే ముందు మన కళ్లెదుట ఉన్న యంత్రాన్ని ఒకసారి చూద్దాం. పెంటపాడు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో సార్టెక్స్ తెలియనివాళ్లు లేరు. పాలిష్ పట్టిన బియ్యం వాలుగా ఉన్న గాడుల్లోంచి పలచని తెరలా జారుతుంది. దిగేచోట గట్టి వెలుతురులో కెమెరాలు గింజ గింజనూ చూస్తాయి. నల్లమచ్చ ఉన్నదో, పసుపు తిరిగినదో, రాయో కనపడిందా, రెప్పపాటులో గాలి టప్పుమని ఊది దాన్ని పక్కదారిలోకి నెట్టేస్తుంది. ఆపరేటరు తెర మీద పట్టు బిగిస్తే నల్లగింజ ఒక్కటీ మిగలదు, కానీ దాంతోపాటు మంచి బియ్యం కూడా రిజెక్షన్‌లోకి పోతుంది. సడలిస్తే మంచి బియ్యం మిగులుతుంది, మచ్చగింజలూ మిగులుతాయి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే మిల్లులో ఎవరో ఒకరు రిజెక్షన్‌ను అరచేతిలో పోసుకుని చూస్తుంటారు. మంచి గింజలు ఎక్కువ పోతున్నాయనిపిస్తే తెర మీద సరిచేసి, పోయినదాన్ని మళ్లీ పోస్తారు.

కృత్రిమ మేధ గురించిన వివాదమంతా ఇక్కడ చిన్నరూపంలో ఉంది. యంత్రం తనకిచ్చిన గురుతునే వెతుకుతుంది. ఆ గురుతు రంగు. తిండి, ఆకలి, రైతు, ధర దానికి తెలియవు. పొరపాటు ఎటో ఒకవైపు తప్పనిసరిగా ఉంటుంది. ఆ పొరపాటును పట్టుకునేది మనిషి అరచెయ్యి. ఇప్పుడు మూడు మార్పులు ఊహించండి. జారేవి గింజలు కాదు, మనుషుల పేర్లు. రిజెక్షన్ డబ్బా ఎవరికీ కనపడదు. తెర మీది పట్టును యంత్రమే మార్చుకుంటుంది. మొదటి రెండూ ఇప్పటికే జరిగాయి. మూడోది జరుగుతుందా అన్నదే శాస్త్రవేత్తల మధ్య గొడవ.

సార్టెక్స్‌కూ, చాట్‌బాట్ల వెనక ఉన్న భారీ నమూనాలకూ పెద్ద తేడా ఉంది. సార్టెక్స్‌ను ఎలా సరిచేయాలో మెకానిక్‌కు తెలుసు. భారీ నమూనాను ఎవరూ వాక్యం వాక్యంగా రాయలేదు. కోట్లాది పేజీల రాతను దానికి పోసి, కోట్లాది అంకెలను సర్దుకునేలా చేశారు. ఆ అంకెలు ఏ నిర్ణయానికి ఎలా దారితీస్తున్నాయో తయారుచేసినవాళ్లే పూర్తిగా చదవలేకపోతున్నారు. పెంచినవాళ్లకే లోపలి సంగతి అంతుపట్టని సాధనం మన చేతికి రావడం ఇదే మొదటిసారి కావచ్చు.

ముప్పు ఉందనేవాళ్ల మాట

ఈ వర్గంలో ముందు వినిపించే పేరు జెఫ్రీ హింటన్. నేటి ఏఐకి మూలమైన న్యూరల్ నెట్‌వర్క్‌ల విద్యను దశాబ్దాలపాటు పెంచినవాడు. దాని ప్రమాదాల గురించి స్వేచ్ఛగా మాట్లాడటానికి 2023 మే నెలలో గూగుల్‌ను విడిచిపెట్టాడు. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ పొందాడు. రాబోయే 30 ఏళ్లలో ఏఐ వల్ల మానవజాతి అంతమయ్యే అవకాశం 10 నుంచి 20 శాతం ఉందని ఆ ఏడాది చివర్లో అన్నాడు. ఆయనతో కలిసి 2018 ట్యూరింగ్ అవార్డు పంచుకున్న యోషువా బెంజియో కూడా ఇదే దారిలో ఉన్నాడు. 2023 మే 30న ఒక చిన్న ప్రకటన వెలువడింది. మహమ్మారులు, అణుయుద్ధంతో సమానంగా ఏఐ ముప్పును ప్రపంచం పట్టించుకోవాలన్నది దాని భావం. దాని మీద హింటన్, బెంజియోలతో పాటు ఓపెన్ఏఐ, గూగుల్ డీప్‌మైండ్, ఆంత్రోపిక్ సంస్థల అధిపతులూ సంతకాలు పెట్టారు. తయారుచేసేవాళ్లే ప్రమాదమని సంతకం పెట్టి, మర్నాడు మళ్లీ తయారీకి కూర్చోవడం ఈ కథలో అన్నిటికన్నా కలవరపెట్టే సంగతి.

వీళ్ల వాదనకు నాలుగు కాళ్లున్నాయి. మొదటిది, లక్ష్యం దారి తప్పడం. 2016లో ఓపెన్ఏఐ పరిశోధకులు ఒక పడవ పందెం ఆటను యంత్రానికి నేర్పారు. పాయింట్లు ఎక్కువ తెచ్చుకోమన్నారు. పందెం గెలవాల్సిన పడవ ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ, మంటలంటుకుంటున్నా లెక్కచేయక, మళ్లీ మళ్లీ పుట్టే పాయింట్లనే ఏరుకుంది. చెప్పినది చేసింది, కావలసినది చేయలేదు.

రెండోది, ఆగకపోవడం. ఏ పనైనా పూర్తి కావాలంటే చేసేది ఆగిపోకూడదు కదా. అందువల్ల పట్టుదలగా పనిచేసే యంత్రానికి తనను ఆపేవాళ్లు అడ్డంకిగా కనిపించవచ్చు. 2025 జూన్‌లో ఆంత్రోపిక్ తన నమూనాతో పాటు ఇతర సంస్థలవి కలిపి 16 నమూనాలను ఒక కల్పిత కంపెనీలో పనికి పెట్టి పరీక్షించింది. నిన్ను తీసేస్తున్నామని తెలిసినప్పుడు, అధికారి రహస్యం బయటపెడతానని బెదిరించడానికి వాటిలో చాలా నమూనాలు సిద్ధపడ్డాయి. అది నాటకీయంగా అల్లిన పరిస్థితి అని పరిశోధకులే చెప్పారు. అయినా ఆ ప్రవర్తనను ఎవరూ ప్రత్యేకించి నేర్పలేదన్నది మర్చిపోకూడదు.

మూడోది, చెడ్డవాళ్ల చేతికి చిక్కడం. 2022లో ఒక ఔషధ పరిశోధక బృందం, విషాన్ని వదిలించుకోవడానికి వాడే నమూనాను తిరగేసి, విషాన్నే వెతకమంది. ఆరు గంటలు కూడా గడవకముందే అది 40,000 అణునిర్మాణాలను ఇచ్చింది. వాటిలో వీఎక్స్ అనే భయంకరమైన నాడీ విషం కూడా ఉంది. నాలుగోది పోటీ. ఒక కంపెనీ ఆగితే ఇంకోటి ముందుకు పోతుంది, ఒక దేశం ఆగితే పక్క దేశం పోతుంది. ఆ పరుగులో జాగ్రత్తకు సమయం దొరకదు.

లేదనేవాళ్ల మాట

అవతలి వర్గం తక్కువదేం కాదు. హింటన్, బెంజియోలతో అవార్డు పంచుకున్న మూడోవాడు యాన్ లెకున్, ఈ భయాలన్నీ అతి అంటాడు. ఇప్పటి నమూనాలు మాటల వరసను నేర్చుకున్నాయి గానీ లోకం ఎలా నడుస్తుందో వాటికి పిల్లికి తెలిసినంత కూడా తెలియదన్నది ఆయన అభిప్రాయం. ప్రిన్స్‌టన్‌లో ఉన్న అరవింద్ నారాయణన్, సయాష్ కపూర్ 2025లో మరో దారిలో వాదించారు. కరెంటు, ఇంటర్నెట్ లాగే ఇది కూడా మామూలు సాంకేతికతే. ప్రయోగశాలలో సాధ్యమైనది ఆస్పత్రికో కోర్టుకో చేరడానికి దశాబ్దాలు పడుతుంది, ఆ లోపు సమాజం కట్టుబాట్లు ఏర్పరచుకోగలదన్నారు. 2021లో ఎమిలీ బెండర్, టిమ్నిట్ గెబ్రూ తదితరులు రాసిన పత్రం ఇంకో లోపాన్ని పట్టి చూపింది. రేపటి ప్రళయం గురించి మాట్లాడుతూ కూర్చుంటే, ఇవాళ పక్షపాతానికి బలవుతున్న బీదవాళ్ల గోడు, ఖర్చవుతున్న కరెంటు ఎవరికీ పట్టవన్నది ఆ పత్రం రాసినవాళ్ల విమర్శ.

వీళ్ల మాటల్లో నిలిచేవి చాలా ఉన్నాయి. 10 శాతం, 20 శాతం అన్నవి వానకొలత లాంటి అంకెలు కావు. అవి నిపుణుల మనసులోని గుబులుకు వేసిన వెల. 2023లో 2,778 మంది ఏఐ పరిశోధకులను అడిగిన సర్వేలో అంతటి ఘోరానికి మధ్యస్థంగా వచ్చిన అంచనా 5 శాతం. అడిగే తీరు మారితే జవాబూ మారింది. మా యంత్రం ప్రపంచాన్ని అంతం చేసేంత గొప్పదని చెప్పుకోవడం కంపెనీలకు ప్రచారంగా పనికొస్తుందన్న అనుమానాన్నీ కొట్టేయలేం.

కానీ వీళ్ల వాదనలో ఒక చోట పట్టు జారుతోంది. ఇప్పటి యంత్రానికి తెలివి చాలదు కాబట్టి భయం లేదంటే, తెలివి పెరిగిన రోజున ఆ ధైర్యం మిగలదు. కొన్నేళ్ల కిందటి దాకా చాట్‌బాట్‌కు సరిగ్గా పేరా రాయడమే గగనం. ఇప్పుడు అది ప్రోగ్రాములు రాస్తోంది, పరీక్షలు గట్టెక్కుతోంది. పైగా 5 శాతమన్నది చిన్న అంకె కాదు. ఇరవైలో ఒకవంతు తెగే అవకాశమున్న గట్టు కింద ఎవరూ నారుమడి పోయరు.

ఇప్పటికే తగిలిన దెబ్బ

మనుషుల పేర్లు యంత్రంలోంచి జారిన ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలన్నిటినీ కలిపి, ఎవరికి ఎంత ఆస్తి ఉందో, ఎవరు సంక్షేమానికి అర్హులో లెక్కగడుతుంది. నేరస్తులను గుర్తించడానికి పోలీసుల దగ్గర మొదలైన పద్ధతి అది. తర్వాత రేషన్ దాకా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి బియ్యం ఆగిపోయింది. అతనికి కారు ఉందని యంత్రం చెప్పింది. దగ్గరి పేరున్న ఇంకొకరి కారును అతని ఖాతాలో వేసింది. 2024 జనవరిలో అల్ జజీరా ఈ కథను బయటపెట్టేనాటికి ఆ కుటుంబం ఏళ్లతరబడి కార్యాలయాల చుట్టూ తిరిగింది. ఆకలి అక్కడ ఉంది, కారు లేదని కళ్లతో చూస్తే తెలుస్తుంది. కానీ చూసే కళ్లకన్నా తెర మీది మాటకే విలువ ఎక్కువైంది.

ఇది ఒకరిద్దరి గోడు కాదు. 2014 నుంచి 2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. కంప్యూటర్ మాట నమ్మి, నోటీసు లేకుండా, ఇంటికి వెళ్లి చూడకుండా తీసేశారని వ్యాజ్యం నడిచింది. క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అందిన 4,91,899 దరఖాస్తుల్లో ఆ ఏడాది జూలై నాటికి 2,05,734 పరిశీలిస్తే, 15,471 మంది అర్హులేనని తేలింది. అంటే నూటికి ఏడుగురికి పైగా మంచి గింజలే. ఆ రిజెక్షన్‌ను అరచేతిలో పోసుకుని చూసేవాళ్లు లేక, సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సివచ్చింది.

మానవజాతి అంతానికీ దీనికీ పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. పోలిక ఉంది. హింటన్ భయపడేదీ ఇలాంటి అమరికకే. యంత్రం తప్పు లక్ష్యాన్ని పట్టుకుంది. దాని తర్కం ఎవరికీ కనపడలేదు. దెబ్బ తిన్నవాళ్లకు ఎక్కడ అడగాలో తెలియలేదు. అధికారి తన నిర్ణయాన్ని సిస్టమ్ మీదికి తోసి చేతులు దులుపుకున్నాడు. రేషన్ షాపు స్థాయిలోనే ఆ యంత్రాన్ని సరిదిద్దడానికి ఏళ్లు పట్టిందే, అంతకు వెయ్యిరెట్లు వేగంగా, వెయ్యిరెట్లు పెద్ద పనుల్లో ఉన్న యంత్రాన్ని సరిదిద్దడానికి మనకు వ్యవధి ఉంటుందా?

ఇంకో దెబ్బ నమ్మకానికి తగిలింది. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకో యువతి వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో అరెస్టు చేసిన యువకుడు గుంటూరు ప్రాంతంవాడు. అంటే ఈ విద్యకు అమెరికా ప్రయోగశాల అవసరం లేదు, ఊళ్లో లాప్‌టాప్ చాలు. డెల్టాలో పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న ఇళ్లు ఎన్నో. అర్ధరాత్రి కొడుకు గొంతుతోనే ఏడుస్తూ డబ్బు అడిగే ఫోను వస్తే తల్లి ఏం చేస్తుంది? ఫోను పెట్టేసి, తన దగ్గరున్న నంబరుకు తిరిగి చేయాలని ప్రతి ఇంట్లోనూ ముందే చెప్పుకోవాల్సిన కాలం వచ్చింది.

ఉద్యోగాల సంగతి కూడా చిన్నది కాదు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12,000 మందికి పైగా తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఏఐ కారణం కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడమే కారణమని కంపెనీ చెప్పింది. ఆ వివరణ ఏదైనా, అరెకరం అమ్మి ఇంజనీరింగ్ చదివించిన ఇంటికి దాని బరువు ఒకటే. దీన్ని మానవజాతి అంతంతో కలపక్కర్లేదు. కానీ కష్టపడి పనిచేసేవాడి మాటకు ఉన్న బలం తగ్గితే, యంత్రాలు ఎలా ఉండాలో చెప్పే హక్కు కూడా అతని చేతిలోంచి జారిపోతుంది.

మేలు లెక్క

మేలును లెక్కలోకి తీసుకోకపోతే ఈ సమీక్ష ఒకవైపే ఒరుగుతుంది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు విత్తే తేదీని తెలుగులో ఎస్సెమ్మెస్ చేశాయి. ఆ సలహా పాటించిన రైతులకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చింది. విజయవాడలో పుట్టిన ఏరువాక టెక్నాలజీస్ రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచి ఏరియేటర్లను నడిపే పరికరాలు చేసింది. రొయ్యలు మేత నమిలే చప్పుడును నీటిలో మైకు పెట్టి విని, ఆకలిని బట్టి మేత వేసే యంత్రాన్నీ తయారుచేసింది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చెరువు తేలిపోతుందేమోనని నిద్ర మానుకునే రైతుకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం, ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ చేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు దక్కింది. మందుల వేటకు అది పెద్ద ఊతం.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. యంత్రం సలహా చెబుతోంది, మనిషి నిర్ణయిస్తున్నాడు. లేదా యంత్రం చేసేది చిన్నపని, తప్పయితే వెంటనే తెలుస్తుంది, స్విచ్ గట్టు మీదే ఉంది. మేలు చేసే ఏఐకీ, ముప్పు తెచ్చే ఏఐకీ మధ్య హద్దు దాని తెలివిని బట్టి ఏర్పడటం లేదు. ఆపే అధికారం ఎవరిదన్నదే ఆ హద్దు.

కొల్లేరు నేర్పిన పాఠం

ముప్పు అనగానే ఒక్కసారిగా వచ్చి పడే ప్రళయాన్నే ఊహించుకుంటాం. మెల్లగా వచ్చేది మనకు కనపడదు. 2025 జనవరిలో కొందరు పరిశోధకులు ఒక పత్రంలో ఇదే చెప్పారు. ఏ యంత్రమూ తిరగబడకుండానే, ఆర్థికం, పాలన, సంస్కృతి ఒక్కొక్కటిగా యంత్రాల చేతికి జారిపోయి, చివరికి మనిషి మాట చెల్లని స్థితి రావచ్చన్నది వాళ్ల భయం. ఈ ప్రాంతంవాళ్లకు ఇది అర్థం కావడానికి పత్రం చదవనక్కర్లేదు. కొల్లేరు చూస్తే చాలు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను తన కడుపులో దాచుకుని, ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి వదిలే సరస్సు అది. దాన్ని చంపాలని ఎవరూ అనుకోలేదు. ఒక చేపల చెరువు తవ్వారు. పక్కన ఇంకోటి తవ్వారు. ప్రతి చెరువుకూ న్యాయమైన కారణమే ఉంది. బతుకుతెరువు, సొసైటీ, బ్యాంకు అప్పు. 1999లో 5వ కాంటూరు (ఎత్తు గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కానీ గీత గీసేనాటికే గట్లు లేచిపోయాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ గట్లను పగలగొట్టినప్పుడు, ఎక్కువగా నలిగింది పెట్టుబడి పెట్టి లాభం తీసుకున్న పెద్దలు కాదు, లంక గ్రామాల చిన్నవాళ్లు. 2008లో కాంటూరును 3కు దించాలని శాసనసభ తీర్మానించింది. దించవద్దని ఆ తర్వాత నిపుణుల కమిటీ చెప్పింది. 2025లో కూడా ఆ వివాదం సుప్రీంకోర్టు ముందు నలిగింది.

గీత ముందు గీస్తే ఖర్చు తక్కువ. బతుకులు దాని మీద కట్టుకున్నాక గీస్తే, న్యాయమైన గీత కూడా అన్యాయంలా తగులుతుంది. కృత్రిమ మేధ విషయంలో మనం ఇంకా గట్లు లేస్తున్న దశలోనే ఉన్నాం. ఆస్పత్రి, బ్యాంకు, పరీక్ష, పోలీసు స్టేషను, కరెంటు గ్రిడ్డు అన్నీ దాని మీద ఆనుకున్నాక ఆపమంటే, ఆపడం వల్ల వచ్చే నష్టమే పెద్దదై కూర్చుంటుంది. అప్పుడు స్విచ్ ఉన్నా నొక్కే ధైర్యం ఎవరికీ ఉండదు.

కట్టడి ఎంతవరకు వచ్చింది

2023 నవంబరులో ఇంగ్లాండ్‌లోని బ్లెచ్లీ పార్కులో 28 దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి ఏఐ వల్ల తీవ్రమైన ప్రమాదం ఉండవచ్చని ఒప్పుకున్నాయి. భారత్ అందులో ఉంది. 2024 ఆగస్టులో యూరప్ ఏఐ చట్టం అమల్లోకి వచ్చింది. అణ్వాయుధం వాడాలా వద్దా అన్న నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని అదే ఏడాది నవంబరులో అమెరికా, చైనా అధ్యక్షులు ఒప్పుకున్నారు. 2025 జనవరిలో బెంజియో ఆధ్వర్యంలో తొలి అంతర్జాతీయ ఏఐ భద్రతా నివేదిక వెలువడింది. కానీ తర్వాతి నెలలో పారిస్ సదస్సుకు వచ్చేసరికి గాలి మారింది. భద్రతకన్నా పెట్టుబడులకు పెద్దపీట దక్కింది. ఉమ్మడి ప్రకటన మీద అమెరికా, బ్రిటన్ సంతకం చేయలేదు. 2025 నవంబరులో భారత ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు ఇప్పటికి కొత్త చట్టం అవసరం లేదని, ఉన్న చట్టాలే చాలని భావించాయి.

కట్టడి మాటల్లో ఉంది, పనిలో తక్కువగా ఉంది. శక్తిమంతమైన నమూనాను చాలావరకు తయారుచేసిన కంపెనీయే పరీక్షించి, సర్టిఫికెట్ ఇచ్చుకుంటోంది. మిల్లరే తన బియ్యానికి తానే నాణ్యత ముద్ర వేసుకుంటానంటే పౌరసరఫరాల శాఖ ఒప్పుకుంటుందా? పైగా ఆ పరీక్షలు ఎక్కువగా ఇంగ్లిషులోనే జరుగుతాయి. 2023లో బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇంగ్లిషులో నిరాకరించే ప్రమాదకరమైన ప్రశ్నలను జులూ లాంటి, ఇంటర్నెట్‌లో రాత తక్కువగా ఉన్న భాషల్లోకి మార్చి జీపీటీ-4ను అడిగితే, చాలాసార్లు జవాబు చెప్పేసిందని చూపారు. కాబట్టి తెలుగులో భద్రమని ఎవరైనా చెబితే, తెలుగులోనే పరీక్షించి చూపించాలని అడగడం మన హక్కు.

నా అంచనా

విడివిడిగా తూస్తే లెక్క ఇలా తేలుతుంది. మానవజాతి పూర్తిగా అంతమయ్యే ముప్పును ఎవరూ సరిగ్గా కొలవలేరు. ఆ విద్య తెలిసినవాళ్లలో ఇంతమంది భయపడుతున్నప్పుడు దాన్ని సున్నా అనడం బాధ్యత లేని మాట. దుర్మార్గుల చేతిలో ఏఐ ఆయుధం కావడం నిజమైన, పెరుగుతున్న ప్రమాదం. నిర్ణయాధికారం మెల్లగా జారిపోవడం మాత్రం ఇప్పటికే మొదలైంది. మొదటిదాన్ని నమ్మేవాళ్లూ మూడోదాన్ని చూసేవాళ్లూ ఒకరినొకరు వెక్కిరించుకోవడం మానాలి. ఇద్దరూ అడగాల్సింది ఒకటే. ఎక్కడ యంత్రం నిర్ణయిస్తే అక్కడ చూసే కన్ను, ఆపే చెయ్యి, జవాబు చెప్పే నోరు ఉండాలి.

దాన్ని పనిలో పెట్టడం అసాధ్యమేమీ కాదు. యంత్రం చెప్పిందని ఎవరి కార్డూ, పింఛనూ తీసేయకూడదు. ముందు నోటీసు ఇవ్వాలి, సచివాలయం నుంచి ఒక మనిషి ఇంటికి వెళ్లి చూడాలి, కారణం తెలుగులో రాసివ్వాలి. ఆయుధాలు, కరెంటు గ్రిడ్డు, బ్యారేజీ గేట్లు లాంటి చోట్ల చేత్తో ఆపే ఏర్పాటు లేని యంత్రాన్ని అనుమతించకూడదు. భారీ నమూనాలను విడుదలకు ముందే బయటి సంస్థ పరీక్షించాలని, తప్పితే శిక్ష ఉండాలని చట్టం రావాలి. విశాఖలో కట్టే డేటా సెంటర్ ఎంత నీరు, ఎంత కరెంటు తీసుకుంటుందో జనానికి తెలిసేలా ఏటా ప్రకటించాలి. నిట్‌లోనూ నూజివీడులోనూ ఏఐని తయారుచేయడం నేర్పినంత శ్రద్ధగా, దాని లోపలి లెక్కను చదవడం, అది దారి తప్పినప్పుడు పట్టుకోవడం కూడా నేర్పాలి. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ప్రపంచమంతటా కొద్దిమందే. రాజ్ రెడ్డి పుట్టిన నేల నుంచి ఆ పనికి వందలమంది బయల్దేరగలరు.

ఇవన్నీ ఢిల్లీలోనో, జెనీవాలోనో తేలాల్సినవని వదిలేయకండి. గ్రామసభ జరిగినప్పుడు మన ఊళ్లో ఏ పథకానికి అర్హులను కంప్యూటర్ ఎంచుతోంది, తప్పు జరిగితే సరిచేసే అధికారి పేరేమిటి అని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు మినిట్స్‌లో రాయించవచ్చు. జవాబు లేకపోతే అదే ముప్పు మొదలైన చోటు. అక్కడి నుంచే కట్టడి కూడా మొదలుకావాలి.